ఒత్తుల దగ్గర ఆగిన చదువు

మా మనవడు ఒకటో తరగతి అయిపోయేసరికి తెలుగు వాచకంలో సగం పాఠాలు గడగడా చదివేవాడు. పుస్తకం మూసినా చదివేవాడు. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది దేవరకొండలో. బిడ్డ, అల్లుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తారు, ఇద్దరికీ షిఫ్టులే. అందుకని పిల్లవాడు మా దగ్గర ఉండి ఇక్కడి ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడికి పోతున్నాడు. ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు పాఠం మధ్యలో వేలు పెట్టి "ఇక్కడి నుంచి చదువు బిడ్డా" అన్నాను. వాడు మొదటి లైను నుంచి నోట్లోనే గొణుక్కుంటూ వచ్చి, నేను వేలు పెట్టిన వాక్యం రాగానే గొంతు పెంచాడు. పైన బొమ్మకు చెయ్యి అడ్డం పెడితే అది ఏ పాఠమో కూడా చెప్పలేకపోయాడు.

నా సర్వీసులో ఇలాంటి చదువు చాలా చూశాను. అక్షరం రాని ప్రయాణికులు కొందరు రోజూ ఎక్కే బస్సు బోర్డును ఆకారం చూసి గుర్తుపట్టేవాళ్లు. ఎవరినీ అడగకుండా దర్జాగా ఎక్కి కూర్చునేవాళ్లు. డిపోలో బోర్డు మార్చి, పెయింటరు అక్షరాలు కొంచెం సాగదీసి రాశాడంటే చాలు, "ఇది మన బస్సేనా సారూ" అని మళ్లీ అడగాల్సి వచ్చేది. మావాడు కూడా పేజీని అలాగే గుర్తుపడుతున్నాడు.

బడిలో వాడి టీచర్‌ని కలిసి అడిగితే "బాగానే చదువుతాడండీ, క్లాసులో ముందు లేచి నిలబడేది వాడే" అన్నారు. అదీ నిజమే. క్లాసంతా కలిసి పాడినట్టు చదువుతుంటే ఎవడికి వచ్చో ఎవడికి రాదో ఎట్లా తెలుస్తుంది? ఆమెతో వాదించి లాభం లేదనిపించి మా వీధిలోనే ఉండే మరో మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలో, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే పనిలో ఉన్నారు. "ముందు వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూడండి అంకుల్" అని ఒక కాగితం ఇచ్చారు. వరస లేకుండా కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి పిల్లవాడు చదవగలిగే నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల చదువును చూసేది కూడా ఇట్లాంటి కాగితంతోనేనట.

మావాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. అక్షరాలు రావని కాదు. వరసలో అన్నీ వస్తాయి. విడిగా 'ద' చూపిస్తే పెదవులు కదులుతున్నాయి: త, థ, ద. అప్పుడు పైకి "ద". 'కు' చూపిస్తే క, కా, కి, కీ, కు. 'పో' చూపిస్తే ఇంకా ఎక్కువసేపు. గుణింతాన్ని పాటలా నేర్చుకున్నాడు కాబట్టి పాట మొదటికి పోయి రావాల్సిందే. ఇట్లా ఒక్కో అక్షరాన్ని వెతుక్కుంటూ పోతే నాలుగక్షరాల మాట పూర్తయ్యేసరికి మొదటిది మర్చిపోతాడు. వాక్యం సంగతి సరేసరి.

జూన్‌లో బళ్లు తెరిచాక మొదలుపెట్టాం. రోజూ సాయంత్రం, వాడు ఆడుకుని వచ్చి కాళ్లు కడుక్కున్నాక, ఓ పావుగంట. అంతకు మించితే వాళ్ల అమ్మమ్మ ఊరుకోదు. మొదటి పని వరసను చెడగొట్టడం. ఇంట్లో పాత పెళ్లి పత్రికలు కట్టలకొద్దీ ఉన్నాయి. దళసరి కాగితం, వెనక తెల్లగా ఉంటుంది. వాటిని కత్తిరించి కార్డుకో అక్షరం రాశాను. ఋ, ఙ, ఞ, ఝ లాంటివి పక్కన పెట్టేశాను. పరీక్షలో వర్ణమాల రాయమంటే రాస్తాడు, ఆ కథ వేరు. చిన్నపిల్లల పుస్తకంలో మళ్లీ మళ్లీ వచ్చేవి క, గ, చ, డ, త, ద, న, ప, మ, ర, ల, వ, స. వీటిని కలిపి, పేక ముక్కల్లా పంచి, చూడగానే చెప్పడం. గుణింతం కూడా అంతే. కి, తి, ని, రి, సి అని గుడి ఉన్నవన్నీ ఒక రోజు, ఏత్వం ఉన్నవన్నీ మరో రోజు. క గుణింతం మొత్తం ఒకేసారి చెప్పించడం మానేశాను. అడ్డంగా చదవాల్సిన దాన్ని నిలువుగా చదివించామన్నమాట. గుర్తు ఏ అక్షరం మీద ఉన్నా అదే చప్పుడు అని అప్పుడు గానీ వాడికి పట్టుబడలేదు.

మ, య దగ్గర చాలా తిప్పలు పడ్డాం. వ, ప కూడా. ఇక్కడ నాకే తెలియని సంగతి ఒకటి మేడం చెప్పారు. మామూలుగా కొమ్ము అక్షరానికి పక్కన వస్తుంది కదా, 'పు', 'వు' లాంటి వాటిలో మాత్రం కిందికి దిగుతుంది. 'వ'కు పక్కన పెడితే అచ్చం 'మ' అయి కూర్చుంటుంది మరి. ఇన్నేళ్లు రాస్తున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు. మావాడికి ఇది చెప్పి పలక మీద రాసి చూపిస్తే తెగ నవ్వాడు. ఆ తర్వాత 'వు'ను, 'మ'ను కలగలపడం తగ్గింది. 'మొ', 'యొ' మాత్రం మిగతా ఒత్వాల్లా ఉండవు కాబట్టి వాటికి విడిగా కార్డులు వేయాల్సి వచ్చింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అక్షరాలు కుదిరాయి, గుణింతాలు కుదురుతున్నాయి, ఇక మాటలు చదివిద్దామని బడి పుస్తకం తీశాను. ఉడుత, ఊయల, ఏతం, ఓడ, పలక, వల, జడ, నగ. నా చిన్నప్పుడు బావిలోంచి ఏతంతో నీళ్లు తోడటం చూశాను. వాడికి బొమ్మే దిక్కు. ఒత్తులు లేని మాటల కోసం వెతికి వెతికి పెట్టిన మాటలివి. వాడు రోజూ పలికే మాటలేవో ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. అమ్మ, నాన్న, అక్క, అన్నం, నీళ్లు, పప్పు, ఉప్పు, రొట్టె, బస్సు, కుక్క, పిల్లి, బర్రె, చెట్టు, గిన్నె, చెప్పులు, దుప్పటి, గల్లీ. చూస్తే దాదాపు అన్నిట్లోనూ ఒత్తులే! కథల్లో అడుగడుగునా వచ్చే మాటలూ అంతే. ఉన్నాడు, అన్నది, వచ్చింది, చెప్పాడు, చిన్న, పెద్ద, ఎక్కడ, ఇప్పుడు, నువ్వు. ఒత్తుల్ని మాత్రం బళ్లో ఆఖరికి నెడతారు. అక్షరాలు, గుణింతాలు, సున్న, ఆ తర్వాత ద్విత్వాలు, చివర సంయుక్తాలు. అంటే పిల్లవాడు ఏడాదికి పైగా తన నోట్లో ఉండే మాటల్లో చాలావాటిని కాగితం మీద చూడకుండా గడిపేస్తాడు. చూసినా చదవలేక బట్టీ కొడతాడు. మావాడి గడగడ చదువు వెనక ఉన్న కారణం ఇదేనని నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను. మేడం నాతో పూర్తిగా ఒప్పుకోలేదు. "వరసకూ ఒక పద్ధతి ఉంది అంకుల్" అన్నారు. కానీ గుణింతాలు పూర్తిగా అయ్యేదాకా ఆగకుండా ద్విత్వాలు మొదలుపెట్టడానికి సరే అన్నారు.

ద్విత్వాల్లో రెండు రకాలు చేసుకున్నాం. చ్చ, ద్ద, డ్డ, గ్గ లాంటి వాటిలో కింది ఒత్తు చూస్తే పై అక్షరమే తలకట్టు తీసేసి కూర్చున్నట్టు ఉంటుంది. వాడే కనిపెట్టగలిగాడు. ల, మ, న, త, య, ర ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. వీటిని ఒక్కొక్కటిగా, వాడికి బాగా తెలిసిన ఒకే మాటతో కట్టేశాం. మ ఒత్తుకు అమ్మ, న ఒత్తుకు నాన్న, ల ఒత్తుకు పిల్లి, త ఒత్తుకు అత్త, య ఒత్తుకు కొయ్య, ర ఒత్తుకు బర్రె. కొత్త మాటలో ఆ ఒత్తు కనబడి ఆగిపోతే నేను "బర్రెలోది" అంటాను, వాడు అందుకుంటాడు.

'పిల్లి'ని మొదట్లో 'పిలిల' అని చదివేవాడు. తప్పు వాడిది కాదు. కంటికి కనిపించే వరస అదే: పి, లి, కింద ఒక ల. గుడి పైనున్న ల మీద ఉన్నా, పలికేటప్పుడు ఒత్తు అయ్యాక వస్తుంది. దీన్ని మాటల్లో వివరించబోతే వాడికీ నాకూ ఇద్దరికీ తల తిరిగింది. తెలిసిన మాట కావడమే కాపాడింది. 'పిలిల' అని వాడి చెవికే తేడాగా వినిపించి, "పిల్లి!" అని తనే అరిచాడు. నాలుగైదు మాటలు అట్లా దిద్దుకున్నాక పద్ధతి దానంతటదే ఒంటబట్టింది. ఏతంతో మొదలుపెడితే ఈ మేలు జరిగేది కాదు, తప్పు చదివినా తప్పని తెలియదు కదా.

ఇక నా పాత వృత్తి అక్కరకొచ్చింది. ఆదివారం పొద్దున బస్టాండుకు తీసుకుపోయేవాణ్ని. పాత స్నేహితులతో నాకు చాయ్, వాడికి బోర్డులు. మా వైపు ఊళ్ల పేర్లు ఒత్తులు నేర్చుకోవడానికే పెట్టినట్టుంటాయి: నల్లగొండ, అచ్చంపేట, గుర్రంపోడు, పెద్దవూర, నేరేడుగొమ్ము, చింతపల్లి. ఒత్తు లేనివీ ఉన్నాయి, డిండి, చందంపేట, మునుగోడు. వాడికి డిండి అంటే ఇష్టం, చిటికెలో అయిపోతుంది కాబట్టి. కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. 'చింతపల్లి' వచ్చాక 'కొండమల్లేపల్లి'లో చివరి పల్లిని కూడబలుక్కోవడం లేదు, ఒక్క చూపులో అనేస్తున్నాడు. 'దేవరకొండ' వచ్చినవాడు ఇందులో మొదటి 'కొండ'నూ అంతే. మధ్యలో మల్లే ఒక్కటే చదవాలి. పెద్దఅడిశర్లపల్లి మా దగ్గర పేరుమోసిన పొడుగు పేరు. అందుకే అందరూ పీఏపల్లి అంటారు. దాన్ని ఆగి ఆగి పూర్తిగా చదివి, "తాతా, గింత పెద్ద పేరు ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాడు. అక్కడున్న డ్రైవర్లంతా నవ్వారు. ఒక బోర్డు మీద 'నల్గొండ', ఇంకో దాని మీద 'నల్లగొండ' చూసి ఏది కరెక్టు అని కూడా అడిగాడు. రెండూ మన ఊరే అన్నాను. ఆకారం చూసి గుర్తుపట్టేవాడికి ఆ తేడా ఎక్కడుందో తెలియదు.

ఆ 'పల్లి' చూశాకే నాకు ఇంకో ఆలోచన తట్టింది. మా బిడ్డ ఇంగ్లీషు కోసం వాట్సాప్‌లో ఒక జాబితా పంపింది. ఎడ్వర్డ్ డోల్చ్ అనే అమెరికా ఆయన 1936లో పిల్లల పుస్తకాల్లో ఎక్కువగా వచ్చే 220 మాటలు ఏరి పెట్టాడట, అవి చూడగానే వస్తే సగం పని అయినట్టేనట. తెలుగులో అట్లాంటి జాబితా రాద్దామని కూర్చుంటే సరిగా కుదరలేదు. ఒక, మా, నేను, అది, చాలా, కానీ, లేదు లాంటి మాటలు కొన్ని దొరుకుతాయి. మిగతావన్నీ ఏదో ఒక మాటకు అతుక్కునే వస్తాయి. ఇంట్లో, బడిలో, చెట్టుకు, నాన్నతో. తింటున్నాడు, ఆడుతున్నాడు, పోతున్నాడు. మనకు మళ్లీ మళ్లీ వచ్చేది మాట చివర. అందుకని కార్డుల మీద చివరలే రాశాను: లో, కు, తో, నుంచి, తున్నాడు, తున్నది, న్నాయి, ింది. వాడు వాటికి తోకలని పేరు పెట్టాడు. ముందు ఏ మాట ఉన్నా తోక చూడగానే చదివేయాలి. 'ఆడు' కార్డు పక్కన ఒక్కో తోకా మార్చుకుంటూ పోవడం ఆట. వానాకాలమంతా ఇదే ఆడాం. పొడుగు మాటలంటే భయం పోయింది దీనివల్లేనని అనుకుంటున్నాను.

ఇంగ్లీషు ముచ్చట ఎక్కువ చెప్పను, అది వాళ్లమ్మ ఆదివారాలు ఫోన్‌లో చూసుకుంది. అక్కడ చిక్కు వేరు. 'వాజ్' అనే మాటను 'డబ్ల్యూ ఏ ఎస్' అని పలుకుతూ చదివితే, ఆ పేర్లు కలిపినా 'వాజ్' రాదు. డబ్ల్యూ అనే పేరులో వ చప్పుడే లేదు కదా. అందుకే ముందు అక్షరాల పేర్లు పక్కనపెట్టి చప్పుళ్లు నేర్పింది. ద, ఆఫ్, వాజ్, సెడ్, వన్ లాంటి మొండి మాటల్ని వారానికి కొన్ని చొప్పున రోజూ చూపించమంది. మిగతావి చప్పుళ్లు కలిపితే వచ్చేస్తాయి. నేను చూపించాను, అంతవరకే నా పాత్ర.

దసరా దగ్గర పడేసరికి మాటలు విడిగా బాగానే వస్తున్నాయి. వాక్యంలో పెడితే మళ్లీ ముక్కలు ముక్కలుగా చదువుతున్నాడు. దీనికి మేడం చెప్పిన మందు చాలా మామూలుది: ఒకే చిన్న కథను కొన్ని రోజులు వరసగా చదివించడం. ముందు నేను వేలు పెట్టి చదవాలి, తర్వాత ఇద్దరం కలిసి, తర్వాత వాడొక్కడే. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిల ప్రకారం విడగొట్టి ఉంటాయి. ఒకటో స్థాయివి కొన్ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. బట్టీ పడతాడేమో అని నా భయం. అందుకే చదివాక అదే కథలోని మాటలతో నేను వేరే వాక్యాలు రాసిచ్చేవాణ్ని. కుక్క చేసిన పని పిల్లికి అంటగట్టేవాణ్ని. కళ్లతో చదివాడో, గుర్తుంచుకుని అన్నాడో అక్కడ తేలిపోయేది.

మా ఇంటావిడకు చదువు అంతంతమాత్రం. ఆమె చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటూ కూర్చునేది. నేను ఒత్తులు చూస్తుంటే ఆమె "అయితే ఆ కోడి ఎటు పోయిందిరా?" అని అడిగేది. వాడు ఆగి వెనక్కి పోయి చూసుకుని చెప్పేవాడు. నేను వేసిన ఏ ప్రశ్నకన్నా ఆ అడగడమే వాడికి ఎక్కువ పని కల్పించింది.

ఇక్కడే ఇంకో తమాషా. పుస్తకంలో 'వెళ్లాడు' అని ఉంటే వాడు 'పోయిండు' అని చదువుతాడు. 'చూశాడు'ను 'చూసిండు' అంటాడు. మా ఇంట్లో వెళ్లాడు అనేవాళ్లు ఎవరూ లేరు. మొదట ప్రతిసారీ ఆపుదామనుకున్నాను గానీ, మేడంతో మాట్లాడాక వదిలేశాను. అర్థం తెలియనివాడు అట్లా మార్చి చదవలేడు. వాక్యం పూర్తయ్యాక "పుస్తకంలో ఎట్ల రాసిండ్రు?" అని ఒక్కసారి అడిగితే తనే చూసి 'వెళ్లాడు' అంటాడు. ఆపాల్సిన తప్పు వేరే ఉంది. ఒకరోజు "రైతు కొడవలి తీసుకొని పొలానికి వెళ్లాడు" అన్నదాన్ని "రైతు కొడుకును తీసుకొని పొలానికి పోయిండు" అని చదివాడు. 'కొడ' దాకా చూసి మిగతాది ఊహించాడు. వాక్యం చక్కగా కుదిరింది కూడా, అందుకే ఇది ప్రమాదం. చివర 'పోయిండు'ను ముట్టుకోలేదు. కొడవలి దగ్గర మాత్రం ఆపి, చివరి అక్షరం దాకా వేలు జరిపించాను.

వేగం గురించి కూడా ఒక మాట. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో రెండో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టారని మేడం చెప్పారు. అది విని మా అల్లుడికి టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి చదివించమన్నాడు. నేను పెట్టలేదు. తెలుగులో 'చదువుకుంటున్నాడు' అంటే ఒక్క మాటే, అదే సంగతి ఇంగ్లీషులో మూడు మాటలవుతుంది. ఏ భాషకైనా ఒకే లెక్క ఎట్లా సరిపోతుంది? పైగా గడగడ చదువు సంగతి మాకు తెలిసిందేగా. నేను చూసుకున్నది వేరే. వాక్యాన్ని ఒక్క ఊపిరిలో అంటున్నాడా, ప్రశ్న గుర్తు దగ్గర గొంతు లేస్తోందా, ముందు చూడని పేజీ ఇచ్చినా వెనకాడకుండా మొదలుపెడుతున్నాడా. ఈ మూడోది వచ్చిందని దీపావళి తర్వాత ఒకరోజు తెలిసింది. మిర్చి బజ్జీ కట్టిచ్చిన పేపరు ముక్కను విప్పి, నూనె మరకల మధ్య మిగిలిన అక్షరాలు చదువుతూ కూర్చున్నాడు. ఏదో పొలం అమ్మకం ప్రకటన అది. సగం అర్థం కాక నన్ను అడిగాడు. బజ్జీ చల్లారిపోయింది.

ఇప్పుడు మేడం ఇచ్చిన కాగితంలో నాలుగో మెట్టు, ఆ చిన్న కథ, చదువుతున్నాడు. రెండు మూడు చోట్ల ఆగుతాడు. సంయుక్తాల్లో పుస్తకం, చంద్రుడు, బత్తాయిల మార్కెట్ బోర్డు మీదున్న 'వ్యవసాయ' దాకా పర్వాలేదు. ఒకదాని కింద ఒకటి రెండు ఒత్తులు వస్తేనే బండి ఆగుతోంది. రాయడం ఇంకా వెనకే ఉంది. చదివిన మాటే చెప్పి రాయమంటే ఒత్తు మర్చిపోతాడు, 'నీళ్లు'ను 'నీలు' చేస్తాడు. బడిలో వచ్చే నెల పరీక్షకు మూడు పాఠాలు అప్పజెప్పాలట, అవి వాడి పద్ధతిలో వాడు నేర్చేసుకున్నాడు, నేను అడ్డు చెప్పలేదు. సంక్రాంతి సెలవుల్లో రాష్ట్రం, వస్త్రం, స్త్రీ మొదలుపెడదామని మేడం అన్నారు. ఆ సెలవుల్లో వాళ్లమ్మ ఇక్కడే ఉంటుంది కాబట్టి రాయించడం తను చూసుకుంటానంది. పెళ్లి పత్రికలు అయిపోవచ్చాయి, ఎదురింటివాళ్లను అడగాలి.